పలుచని పొగమంచు, చిక్కని నారింజ

మొదటి కాన్వాసు మీది రంగంతా పాలెట్ కత్తితో గీకేసి, ఆ ముద్దను పాత వార్తాపత్రికలో చుట్టిన రాత్రి నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. మూడు వారాలుగా ఫ్రెంచి చిత్రకారుడు మోనె చిత్రాన్ని చూసి వేస్తున్నాననుకుంటూ, ఆయన బృందానికి చెందిన ఇంప్రెషనిస్టులంటే ఇలా వేస్తారని ఎప్పటినుంచో మనసులో నాటుకున్న అభిప్రాయాన్నే వేస్తూ వచ్చాను. రంగు దట్టంగా ఉండాలి, కుంచె జాడ ఎక్కడ చూసినా పైకి తేలాలి, చేయి ఆనిస్తే గరుకుగా తగలాలి. ఇదే నా లెక్క. అలాగే వేశాను. ఆకాశం, నీరు, పొగ, పడవలు అన్నీ ఒకే మందంలో గోడకు మెత్తిన సిమెంటులా తయారయ్యాయి. సూర్యుణ్ణి ఎన్నిసార్లు దిద్దినా వెలగలేదు.

ఆ చిత్రం ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’. ఫ్రాన్సు ఉత్తర తీరంలోని లె హావ్ర్ ఓడరేవును హోటల్ గది కిటికీలోంచి చూస్తూ క్లోద్ మోనె వేసిన సూర్యోదయం. ఎడమవైపు కింది మూలలో సంతకం, దాని పక్కన 72 అనే అంకె ఉంటాయి, అంటే 1872. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో ఒక డైరీ అట్ట మీద దీన్ని మొదటిసారి చూశాను. మావారి ఉద్యోగం వల్ల పారిస్ వచ్చాక తైలవర్ణాలు నేర్పే ఒక సాయంకాలపు చిత్రకళా తరగతిలో చేరాను. అంతవరకు నాకు నీటిరంగులే తెలుసు. రెండో ఏడాది మా టీచరు ఒక పని అప్పగించారు. నగరంలోని ఏదైనా మ్యూజియంలో ఒక చిత్రాన్ని ఎంచుకుని, దాన్ని అసలు కొలతల్లోనే తిరిగి వేయాలి. “పోలిక గురించి బెంగ పెట్టుకోకండి. ఏ రంగు ముందు పడింది, ఏది తరువాత పడింది, చేయి ఎటు కదిలింది, అది కనిపెట్టండి” అన్నారు ఆవిడ. ఓడరేవు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి మరో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకున్నాను.

చిత్రం ఉన్నది మార్మొతాన్ మోనె మ్యూజియంలో. మెట్రో తొమ్మిదో లైనులో లా ముయెత్ స్టేషనులో దిగి, రానెలాగ్ తోట పక్కనుంచి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. గురువారాల్లో రాత్రి దాకా తెరిచి ఉంటుంది కాబట్టి ఆ రోజు వెళ్ళేదాన్ని. మొదటి కాన్వాసు పాడయ్యాక వెళ్ళిన గురువారం, చిత్రానికి ఎదురుగా నిలబడటం మానేసి పక్కకు జరిగాను. దాదాపు గోడకు ఆనుకుని, కాన్వాసు మీద వెలుతురు ఏటవాలుగా పడే చోటు వెతుక్కుని చూశాను. ముగ్గు వేసిన వాకిలిని పొద్దున్నే వంగి చూస్తే పిండి ఎక్కడ ఎత్తుగా పడిందో, ఎక్కడ రాసుకుపోయిందో తెలుస్తుంది కదా, అలా చూశాను.

ఆకాశంలో రంగు దాదాపు లేదు. నిజంగానే అంత పలుచన. వెడల్పాటి కుంచెతో అటూ ఇటూ రుద్దుకుంటూ పోయిన నీలిబూడిద చాయ, దాని మీద అక్కడక్కడా నారింజ మరక. కుంచె వెంట్రుకల మధ్య ఖాళీల్లోంచి అడుగున ఉన్న లేత పూత కనిపిస్తోంది. పాత ఇళ్ళకు సున్నం వేసేటప్పుడు మొదటి పూత ఆరితే కుంచె వెళ్ళిన దారి చారలు చారలుగా బయటపడుతుంది. అచ్చం అలాంటి చారలు. వెనక ఓడల కొయ్యలు, క్రేన్లు, పొగగొట్టాలు కూడా అదే పలుచని రంగులో, తడి ఆరకముందే తడి మీద వేసినట్టు అంచులు కరిగి ఉన్నాయి. నీటిమీది ముదురు గీతలు కాస్త చిక్కన. అన్నిటికన్నా చిక్కనిది సూర్యుడి కింద నీటిలో పడిన నారింజ వెలుగు. అక్కడ మాత్రం రంగు నిజంగా కాన్వాసు మీద నిలబడి ఉంది. పక్కనుంచి చూస్తే ఒక్కో గీతకు ఒక గట్టు, గట్టుకు ఒక సన్నని నీడ.

కాపలా ఉన్న ఆయన వచ్చి, “కొంచెం వెనక్కి జరగండి, మేడమ్” అన్నారు. జరిగాను, కానీ చూడవలసింది చూశాను. ఇంత పేరున్న చిత్రంలో మందంగా వేసినది గుప్పెడు గీతలే. మిగతాదంతా ఆ గుప్పెడు గీతల కోసం వెనక్కి తగ్గి ఉంది.

నోటు పుస్తకంలో పెన్సిలుతో చిత్రాన్ని మూడు పటాలుగా గీసుకున్నాను. ఒకటి పలుచని చోట్లకు, ఒకటి మధ్యస్థానికి, ఒకటి మందానికి. మూడో పటంలో దాదాపు ఏమీ లేదు. నారింజ గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోతే ప్రతిసారీ వేరే సంఖ్య వచ్చింది. ఒక గీత ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెప్పలేని చోట్లు ఉన్నాయి. లెక్క వదిలేసి, ఒక్క గీతను పట్టుకున్నాను. సూర్యుడికి కాస్త దిగువన, అడ్డంగా పడిన చిన్న గీత. కుంచె కాన్వాసుకు తగిలిన చోట రంగు ఉబ్బి ఉంది, కదిలే కొద్దీ వెంట్రుకల చాళ్ళు పడ్డాయి, చివరికి వచ్చేసరికి కుంచెలో రంగు తగ్గి, అడుగున ఉన్న బూడిద చాయ చాళ్ళ మధ్యనుంచి పైకి కనిపిస్తోంది. మొదలు నిండుగా, చివర వెలితిగా. చేయి ఎటునుంచి ఎటు వెళ్ళిందో ఆ గీతే చెబుతోంది. ఒక్క అర సెకను పని. నూట యాభై ఏళ్ళుగా అలాగే ఉంది.

ఇంటికి వచ్చి రెండో కాన్వాసు మొదలుపెట్టాను. అసలు చిత్రం 48 సెంటీమీటర్ల ఎత్తు, 63 సెంటీమీటర్ల వెడల్పు. ఇక్కడి దుకాణాల్లో 50, 65 సెంటీమీటర్ల కాన్వాసు సిద్ధంగా దొరుకుతుంది. నాలుగు అంచుల్లోనూ ఒక్కో సెంటీమీటరు వెడల్పున టేపు అతికిస్తే సరిగ్గా సరిపోయింది. రంగుల విషయంలో మోనె 1905లో రాసిన ఒక ఉత్తరం దారి చూపింది. తాను వాడే రంగులు ఇవే అంటూ తెలుపు, కాడ్మియం పసుపు, వెర్మిలియన్ ఎరుపు, ముదురు మంజిష్ఠ ఎరుపు, కోబాల్ట్ నీలం, ఆకుపచ్చ, అంతే అని అందులో రాశాడు. 1872లోనూ సరిగ్గా ఇవే వాడాడని అనలేము కానీ, ఇంత చిన్న జాబితాతో పని జరుగుతుందని ధైర్యం వచ్చింది. నల్లరంగు ట్యూబు మూత తీయలేదు.

తెలుపు దగ్గర చిక్కు వచ్చింది. ఆ కాలపు చిత్రకారులు వాడినది సీసపు తెలుపు. అది విషం కాబట్టి ఇప్పుడు మామూలు దుకాణాల్లో దొరకదు. దాని బదులు వాడేది టైటానియం తెలుపు. ఇది 1920ల తరువాత వాడుకలోకి వచ్చిన రంగు, సీసపు తెలుపుకంటే చాలా గట్టిగా కప్పేస్తుంది. చిటికెడు కలిపితే చాలు, నీలం కాస్తా సుద్దముక్క రంగుకు తిరుగుతుంది. నా మొదటి కాన్వాసు సిమెంటులా మారడానికి సగం కారణం ఇదే. ఈసారి టైటానియంలో జింకు తెలుపు కలిపి వాడాను. జింకు తెలుపు అంతగా కప్పదు, అడుగున ఉన్నదాన్ని కాస్త కనిపించనిస్తుంది. ట్యూబు నుంచి తీసిన రంగును నేరుగా పాలెట్ మీద వేయకుండా, అద్దుడు కాగితం మీద పావుగంట ఉంచితే మిగులు నూనెను కాగితం పీల్చుకుంటుంది. రంగుకు నిగనిగ పోయి, పట్టు వస్తుంది. గీత గీసిన తరువాత జారదు. ఇది మా టీచరు చూపించిన కిటుకు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా రెండోదీ కుదరలేదు. ఈసారి తప్పు మరో వైపునుంచి వచ్చింది. పలుచన అంటే నునుపు అనుకున్నాను. టర్పెంటైన్‌తో పలుచన చేసిన ఆకాశాన్ని, నీటిరంగుల అలవాటు కొద్దీ మెత్తని కుంచెతో మళ్ళీ మళ్ళీ సవరించి, చారలన్నీ చెరిపేశాను. పొగమంచు వచ్చింది, కానీ అందులో గాలి లేదు. గోడకు అతికించే కాగితంలా చదునుగా ఉంది.

గోడకాగితం అన్న మాట నాకు ఊరికే తట్టలేదు. ఈ చిత్రాన్ని మొదట 1874 ఏప్రిల్ 15న మొదలైన ప్రదర్శనలో పెట్టారు. ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, సలోన్ అనే అధికారిక చిత్రప్రదర్శనకు దూరంగా, కళాకారులు సొంతంగా ఏర్పాటు చేసుకున్న ప్రదర్శన అది. కేటలాగులో దీని సంఖ్య 98. ఏం పేరు పెట్టాలని అడిగితే, దీన్ని లె హావ్ర్ దృశ్యం అని చెప్పుకోలేం కాబట్టి ‘ఇంప్రెషన్’ అని వేయండి అన్నానని మోనె తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఏప్రిల్ 25న ‘ల షరివరి’ పత్రికలో లూయీ లెరోయ్ వెక్కిరిస్తూ సమీక్ష రాశాడు. ఇంకా తయారీ మొదటి దశలో ఉన్న గోడకాగితం కూడా ఈ సముద్రచిత్రం కంటే పూర్తయినట్టుంటుంది అన్నాడు. ఇంప్రెషనిస్టులు అన్న పేరు ఆ సమీక్ష శీర్షికనుంచే జనంలోకి వెళ్ళింది.

లెరోయ్ మాట చదివినప్పుడల్లా కోపం వచ్చేది. రెండో కాన్వాసు ముందు కూర్చున్నాక ఆ కోపానికి ఒక కారణం కూడా దొరికింది. గోడకాగితం మీద అంతా ఒకే మోతాదులో ఉంటుంది. ఈ మూల ఎలా ఉందో ఆ మూలా అలాగే ఉంటుంది. మోనె ఆకాశంలో ఏ రెండు చారలూ ఒకలా లేవు. పలుచగా ఉంది కదా అని పని పూర్తి కాలేదనుకోవడం పెద్ద పొరపాటు. అయితే ఆ పొరపాటు లెరోయ్ ఒక్కడిదే కాదు. 1874లో చిత్రాలు సేకరించే వ్యాపారి ఎర్నెస్ట్ హోషెదే 800 ఫ్రాంకులకు కొన్న చిత్రం, నాలుగేళ్ళకు ఆయన ఆస్తులు వేలం వేసినప్పుడు 210 ఫ్రాంకులకు పోయింది. కొన్నది జార్జ్ ద బెలియో అనే వైద్యుడు. ఆయన కూతురి చేతుల మీదుగా 1940లో ఈ మ్యూజియానికి చేరింది.

సూర్యుడి సంగతి మా పాప వల్ల తేలింది. పదేళ్ళ పిల్ల. నేను వేస్తున్నప్పుడు నా ఫోనుతో ఫొటోలు తీయడం దానికి సరదా. ఒకరోజు మ్యూజియంకు కూడా వచ్చి అసలు చిత్రాన్ని ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి నా ముందు పెట్టింది. “అమ్మా, సూర్యుడు ఎక్కడికి పోయాడు?” అంది. నిజంగానే పోయాడు. పడవలున్నాయి, పొగగొట్టాలున్నాయి, సూర్యుడు ఉండవలసిన చోట ఆకాశం మాత్రమే ఉంది. ఆ రాత్రి నా రెండో కాన్వాసును కూడా అలాగే తీసి చూశాం. అందులో సూర్యుడు తెల్లటి బిళ్ళలా మెరుస్తున్నాడు. “నీ సూర్యుడు బాగానే కనిపిస్తున్నాడమ్మా” అని నన్ను మెచ్చుకుంది పాప. నా తప్పు ఏమిటో అదే నాకు చెప్పింది.

నాడీశాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ ఈ సంగతిని వివరంగా చెప్పారు. మోనె సూర్యుడికి చుట్టూ ఉన్న మబ్బులకంటే వేరే రంగు ఉంది కానీ, ఎక్కువ వెలుగు లేదు. రెండింటి ప్రకాశమూ దాదాపు సమానం. మన దృష్టిలో రంగును పట్టుకునే భాగం ఒకటి, వెలుగు నీడలను బట్టి వస్తువు ఎక్కడ ఉందో, కదులుతోందో లేదో పట్టుకునే భాగం మరొకటి. మొదటిదానికి సూర్యుడు స్పష్టంగా కనిపిస్తాడు, రెండోదానికి దాదాపు కనిపించడు. అందుకే ఆ నారింజ బిళ్ళ ఒకచోట నిలవకుండా, అదురుతున్నట్టు అనిపిస్తుంది. నేనేమో వెలగాలంటే తెలుపు కలపాలనుకున్నాను. తెలుపు కలిపిన ప్రతిసారీ నారింజ పాలిపోయింది, నేను మళ్ళీ తెలుపు కలిపాను.

నవంబరులో లె హావ్ర్ వెళ్ళాం. పారిస్‌లో సాఁ-లజార్ స్టేషను నుంచి రెండు గంటల పైచిలుకు రైలు ప్రయాణం. సూర్యోదయం చూడాలి కాబట్టి ముందురోజు రాత్రే చేరుకున్నాం. మోనె బస చేసిన హోటల్ ఇప్పుడు లేదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 సెప్టెంబరు బాంబుదాడుల్లో నగరం మధ్యభాగమంతా నేలమట్టమైంది. తరువాత వాస్తుశిల్పి ఒగుస్త్ పెరే ఆధ్వర్యంలో కాంక్రీటుతో కొత్త ఊరు కట్టారు. ఆ హోటల్ ముందున్న గ్రాండ్ కే అనే అప్పటి రేవుగట్టు ఉన్నచోట ఇప్పుడు సౌతాంప్టన్ పేరుతో రేవు ఉంది. అక్కడే నిలబడ్డాం.

చిత్రం ఏ రోజుదో అమెరికాలోని టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్ లెక్కగట్టారు. సూర్యుడి ఎత్తు, రేవులో పోటు నీటి మట్టం, పొగ వంగిన దిక్కును బట్టి గాలి, ఆనాటి వాతావరణ వివరాలు అన్నీ చూసి, 1872 నవంబరు 13 ఉదయం 7.35 ప్రాంతం కావచ్చని తేల్చారు. అంటే సూర్యుడు పొడిచి ఇరవై, ముప్పై నిమిషాలు అయి ఉంటుంది. ఇప్పటి ఫ్రాన్సు గడియారం అప్పటికంటే గంట ముందుంటుంది కాబట్టి మేం ఎనిమిదిన్నర దాకా చలిలో ఎదురుచూశాం. మొదట పొగమంచు మాత్రమే. తరువాత అందులో ఒక ఎర్రటి మరక. చూస్తుండగానే అది బిళ్ళ అయింది, ఆ వెంటనే పైకి జరిగింది, కాసేపట్లోనే పసుపుకు తిరిగి కళ్ళు చెదిరేలా అయిపోయింది. నారింజ రంగులో, కళ్ళు తిప్పుకోకుండా చూడగలిగినంతసేపు ఉన్నది కొద్ది నిమిషాలే.

అప్పుడు ఆకాశం ఎందుకంత పలుచనో నాకు తెలిసింది. చిక్కని రంగు వేసి దాన్ని సవరించే తీరిక ఆ పొద్దు ఎవరికీ ఇవ్వదు. పెద్ద కుంచెతో రుద్దుకుంటూ పోవాలి, అది ఆరేలోపే కొయ్యలూ పొగలూ తడి మీదే గీసేయాలి. చిత్రమంతా ఒకే విడతలో ముగించాడని నేను పందెం కాయను. కానీ ఆ పలుచదనంలో ఉన్న తొందర మాత్రం ఆ రేవుదే.

నీటిలో వెలుగును కూడా అక్కడే సరిగ్గా చూశాను. చిన్నప్పుడు విశాఖ హార్బరులో ఎన్నిసార్లు చూసి ఉంటానో, కానీ గీతలుగా ఎప్పుడూ చూడలేదు. సూర్యుడి వెలుగు నీటి మీద ఒక దారిలా పరుచుకుంటుందని అంటాం. దారి ఎక్కడా లేదు. ప్రతి చిన్న అలకూ మనవైపు వంగిన ముఖం ఒకటి, అవతలికి వంగిన ముఖం ఒకటి. సూర్యుణ్ణి చూపగలిగిన ముఖం మీద ఒక నారింజ తునక, దాని పక్క ముఖం మీద ముదురు నీరు. దగ్గర ఉన్న అలల మీద తునకలు వెడల్పుగా, ఎడంగా ఉన్నాయి. దూరం వెళ్ళే కొద్దీ సన్నబడి ఒకదానికొకటి దగ్గరయ్యాయి. మోనె కుంచె వేసిన గీతలు ఆ తునకలే. అందుకే అవి అడ్డంగా ఉన్నాయి, అందుకే వాటిని ఒకదానితో ఒకటి కలపలేదు.

ఆ మధ్యాహ్నం రేవు ఒడ్డునే ఉన్న ఆంద్రె మాల్రో ఆధునిక కళా మ్యూజియంకు వెళ్ళాం. అక్కడ రెండు గదుల మధ్య తిరిగినంత సేపు నాకు అసలు పాఠం జరిగింది. ఒకచోట యుజీన్ బూదాన్. మోనె కుర్రవాడిగా ఇదే ఊళ్ళో ఉన్నప్పుడు, ఆరుబయట నిలబడి వేయడం నేర్పినవాడు. ఆయన ఆవుల చిత్రాలు, ఆకాశపు చిత్రాలు వరుసగా ఉన్నాయి. ఆవు వీపు మీద రంగుంది, చుట్టూ అడుగుపూత అలాగే వదిలేసి ఉంది. ఖాళీ వదలడం మోనెకు ఎక్కడ అబ్బిందో నాకు అక్కడ కనిపించింది. మరోచోట కమీల్ పిస్సారో 1903లో వేసిన ఇదే రేవు. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి. కంటి జబ్బు వల్ల బయటి గాలిలో నిలబడలేక హోటల్ కిటికీలోంచి వేశాడు. అదే సంవత్సరం నవంబరులో పోయాడు. ఆయన రేవులో ప్రతి జానెడూ చిన్న చిన్న కుంచె అద్దుళ్ళతో నిండి ఉంది. ఆకాశానికి కూడా రేవు గట్టుకు ఉన్నంత బరువు ఉంది. మనుషులు, జెండాలు, నీరు, మబ్బు అన్నీ ఒకే నేతలో నేసినట్టుంటాయి. అదీ గొప్పగానే ఉంది. కానీ నేను మొదటి కాన్వాసు మీద వేయబోయింది పిస్సారో రేవు, పేరు మాత్రం మోనెది. ఆ ఇద్దరినీ ఇంప్రెషనిస్టులు అనే ఒక్క మాట కింద చేర్చి చూడటం వల్ల వచ్చిన తికమక అది.

మూడో కాన్వాసుకు తెల్ల అడుగు పెట్టలేదు. కొంచెం వెచ్చదనం ఉన్న లేత బూడిద రంగు పూసి వారం ఆరనిచ్చాను. రెండంగుళాల వెడల్పున్న పంది వెంట్రుకల చదునుకుంచె తీసుకున్నాను. మెత్తని కుంచెలన్నీ పాప గదిలో దాచేశాను, చేతికి అందితే మళ్ళీ సవరిస్తానని భయం. కోబాల్ట్ నీలం, కాస్త ఆకుపచ్చ, మంజిష్ఠ ఎరుపు, తెలుపు కలిపి టర్పెంటైన్‌తో పలుచన చేసి, ఆకాశాన్ని పదిహేను నిమిషాల్లో రుద్దేశాను. చారలు చారలుగా వదిలేశాను. చేయి మళ్ళీ అటు వెళ్ళబోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తడి ఉండగానే ఓడల కొయ్యలూ పొగగొట్టాలూ పెట్టాను. కుంచె ఆనించగానే ముదురు నీలం చుట్టూ ఉన్న తడిలోకి జరిగి అంచు దానంతట అదే కరిగింది. మొదటి రెండు కాన్వాసుల మీద ఆ కరగడాన్ని నేను వేలితో రుద్ది తెప్పించాలని చూశాను.

పడవల కోసం మర్నాడు సాయంత్రం దాకా ఆగాను. అప్పటికి అడుగు పూర్తిగా ఆరలేదు, అలాగని తడిగానూ లేదు. ముందున్న పడవ అన్నిటికన్నా ముదురు. దాని వెనక ఒకటి కాస్త లేత, ఆ వెనకది మరీ లేత. మూడూ ఏటవాలు వరుసలో లోపలికి పోతాయి. పడవలో నిలబడి తెడ్డు వేస్తున్న మనిషి నాలుగైదు గీతల్లో అయిపోతాడు. వాటిలో ఏ ఒక్కటి మందమైనా మనిషి కాస్తా గుంజ అయిపోతాడు. మూడుసార్లు తుడిచి నాలుగోసారి వేశాను.

నారింజ కోసం సగం రోజు పాలెట్ ముందే గడిచింది. కాడ్మియం పసుపు, కాడ్మియం ఎరుపు. వెర్మిలియన్‌లో పాదరసం ఉంటుంది కాబట్టి దాని జోలికి పోలేదు. కలిపిన ప్రతిసారీ ఒక చుక్క ఆకాశం పక్కన పెట్టి, పాప ఫొటో తీసి నలుపు తెలుపుల్లో చూపించేది. “ఇంకా కనిపిస్తున్నాడమ్మా.” ఎరుపు పెంచాను. “ఇప్పుడు మరీ నల్లగా అయ్యాడు.” పసుపు పెంచాను. ఏడో కలయికకు పాప ఏమీ అనకుండా ఫోను నా వైపు తిప్పింది. తెరమీద ఉత్త ఆకాశం. తల ఎత్తి చూస్తే కాన్వాసు మీద ఆ చుక్క నిప్పులా ఉంది.

ఆ రంగును అద్దుడు కాగితం మీద ఉంచి, నూనె తగ్గించి, కుంచె నిండా తీసుకున్నాను. మా అమ్మ ముగ్గు వేసేటప్పుడు పిండి పట్టుకున్న చేతిని ముందు గాలిలో ఒకసారి తిప్పి, ఆ తరువాతే వదిలేది. గీత మధ్యలో ఆలోచిస్తే అక్కడ పిండి కుప్ప పడుతుందనేది. నేనూ గాలిలో చేయి కదిపి చూసుకుని, ఒక్కో గీతకు ఒక్కసారి మాత్రమే కుంచె ఆనించాను. మొదటిది బాగా పడింది. రెండోదాంట్లో కింది బూడిద కలిసి కాస్త మసకబారింది, దాన్ని అలాగే ఉంచాను. మోనె గీతల్లోనూ అలా అడుగు రంగును ఈడ్చుకుపోయినవి ఉన్నాయి. మొత్తం ఎన్ని వేశానో లెక్కపెట్టలేదు. నీటిలో నారింజ సరిపోయిందనిపించిన చోట ఆపాను. సూర్యుణ్ణి చిట్టచివర, గుండ్రంగా రెండు మూడు తిప్పుల్లో పెట్టాను.

సంతకం కాపీ చేయలేదు. వెనక కర్ర చట్రం మీద ‘నకలు’ అని తెలుగులో రాసి తేదీ వేశాను. తరగతిలో మా టీచరు దీపాన్ని పక్కకు తిప్పి, ఏటవాలు వెలుతురులో చాలాసేపు చూశారు. “ఆకాశం వదిలిపెట్టారు, బాగుంది” అన్నారు. తరువాత ముందు పడవ వైపు వేలు చూపించి, “ఇక్కడ మీకు ధైర్యం చాలలేదు” అన్నారు. ఆవిడ అన్నది నిజమే.

తైలవర్ణం నీటిరంగులా నీరు ఆవిరై ఆరేది కాదు. నూనె గాలిలోని ప్రాణవాయువును తీసుకుని మెల్లగా గట్టిపడాలి. ఆకాశం వారంలో ఆరింది. ఈ మాటలు రాస్తున్న రోజుకు ఆరు వారాలు దాటాయి, నారింజ గీతలు గోరు తగిలిస్తే ఇంకా నొక్కుకుంటున్నాయి. వచ్చే గురువారం మళ్ళీ మ్యూజియంకు వెళ్తున్నాను. తెడ్డు వేసే మనిషి భుజాన్ని మోనె ఒక్క గీతలో వేశాడా, రెండు గీతల్లోనా అన్నది ఇంకా తేలలేదు.